చాటుమాటకూ చాటింపుకూ మధ్య

మా తాత ఊళ్ళో చాటింపు వేసేవాడు. ఒంగోలుకు పడమరగా మెట్టపొలాల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. శిస్తు కట్టడానికి గడువు, చెరువు తూము ఎత్తే రోజు, అమ్మవారి కొలుపుకు కుదిరిన వారం, టీకాలు వేసేవాళ్ళు వస్తున్నారన్న కబురు, ఏదైనా సరే, పెద్దలు చెప్పి పంపిన మాటను ఆయన వీధి మొగలో నిలబడి, సెగ చూపి బిగించిన డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని ఎత్తుకుని వాడవాడలా వినిపించేవాడు. మా నాన్న ఆ డప్పు ముట్టుకోలేదు. ఆయన మిషను బడిలో చదువుకుని అదే ఊళ్ళో క్రైస్తవుల గుడికి బోధకుడయ్యాడు. తాత పని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. నాన్న పని గురించి అందరూ గౌరవంగా మాట్లాడేవాళ్ళు. ఆ రెండు పనులకూ చుట్టరికం ఉందన్న సంగతి నాకు అరవయ్యో ఏట గాని తెలియలేదు.

నేను 30 ఏళ్ళు బడిలో తెలుగు చెప్పాను. ఉద్యోగ విరమణ తర్వాత మా సంఘం వాళ్ళు తమ చరిత్ర మీద అచ్చువేయదలచిన ఒక చిన్న పుస్తకాన్ని దిద్దిపెట్టమని నాకు ఇచ్చారు. అందులో ఒకే పేజీలో, ఒక మనిషి ఆదివారం ఉదయం చేసిన ఒకే పనికి బోధ, ప్రసంగం, ప్రకటన, ఉపదేశం, ప్రవచనం, ప్రచారం అని ఆరు పేర్లు కనిపించాయి. రాసినవారిని తప్పుపట్టలేను, మనమందరం అలాగే వాడుతున్నాం. అయినా ఆ ఆరు మాటల వేళ్ళు ఎక్కడ ఉన్నాయో వెదుకుతూ పోయినకొద్దీ నాకొక విషయం స్పష్టమైంది. క్రైస్తవ లేఖనాలలో ఈ పనికి ప్రధానంగా వాడిన గ్రీకు మాట మా నాన్న చేసిన పనిని కాదు, మా తాత చేసిన పనిని చెబుతుంది. ఆ సంగతి మరిచిపోయినందువల్లనే మన వేదికల మీది మాట దారి తప్పిందని నా వాదన.

ఆ గ్రీకు క్రియ కేరుస్సేయిన్. కేరుక్స్ అన్న నామవాచకానికి అది తోబుట్టువు. కేరుక్స్ అంటే చాటింపు వేసేవాడు, రాజు మాటను మోసుకుపోయేవాడు. గ్రీకు కవి హోమర్ కావ్యాలలో అగమెమ్నోన్ రాజు దగ్గర తల్థీబియోస్, యూరీబతేస్ అనే ఇద్దరు అటువంటి మనుషులు ఉంటారు. వాళ్ళు రాజు కబురు తీసుకుపోతారు, సభను నిశ్శబ్దంగా ఉంచుతారు, బలికి కావలసినవి సమకూర్చుతారు. ఏథెన్సు నగర సభలో కేరుక్స్ లేచి చేసే ముఖ్యమైన పనులలో ఒకటి "ఎవరు మాట్లాడదలచుకున్నారు?" అని గట్టిగా అడగడం. అంటే ఉపన్యాసం అతనిది కాదు, అతను ఇతరుల మాటకు దారి తీసేవాడు. అతని ఒంటి మీద చెయ్యి వేయడం దైవాపచారంగా భావించేవారు. పారశీక చక్రవర్తి దారయవహు (డరియస్) పంపిన దూతలను స్పార్టావారు బావిలోకి తోసి చంపిన కథను గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పాడు. ఆ పాపం తమను వెంటాడుతోందని భయపడి స్పార్టావారు తరువాత తమ మనుషులిద్దరిని ప్రాయశ్చిత్తంగా ప్రాణాలిమ్మని పారశీకానికి పంపితే, అక్కడి రాజు క్షయార్ష, స్పార్టావారు చేసిన తప్పు తాను చేయనని వారిని తిప్పి పంపేశాడట. చాటేవాడికి ఇంతటి రక్షణ ఎందుకంటే అతను చెప్పే మాట అతనిది కాదు గనుక. ఆ మాటకు ఒక్క అక్షరం చేర్చే హక్కు అతనికి లేదు, ఒక్క అక్షరం తగ్గించే హక్కూ లేదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు తాత మాట ఒకటి గుర్తుకొచ్చింది. శిస్తు గడువు చాటినప్పుడు ఎవరైనా రైతు కోపంగా ఎదురు ప్రశ్న వేస్తే ఆయన ఒకే జవాబు ఇచ్చేవాడని మా అమ్మ చెప్పేది: "నన్నడగబాకయ్యా, నేను చాటేవోణ్ణి."

కొత్త నిబంధనలో కేరుక్స్ అన్న నామవాచకం 3 చోట్ల మాత్రమే ఉంది. దాని క్రియారూపమైన కేరుస్సేయిన్ సుమారు 60 సార్లు వస్తుంది. చాటే మనిషి మీద కాక చాటడం మీదనే ఆ రచయితల దృష్టి నిలిచిందని దీన్నిబట్టి కొందరు పండితులు అంటారు, నాకూ అది సబబుగానే తోస్తుంది. మన తెలుగు బైబిలు ఈ క్రియను చాలావరకు "ప్రకటించు" అని తెచ్చింది. "యేసు వారి సమాజమందిరములలో బోధించుచు, రాజ్యమును గూర్చిన సువార్తను ప్రకటించుచు" అన్న వాక్యంలో రెండు క్రియలూ పక్కపక్కనే ఉన్నాయి. గ్రీకులోనూ అవి రెండు వేరు వేరు మాటలే. బోధించడం అంటే విడమరచి చెప్పడం. ప్రకటించడం అంటే జరిగిన సంగతిని, లేదా జరగబోతున్న సంగతిని, వీధిలో నిలబడి చాటడం. 1936లో బ్రిటిష్ పండితుడు సి. హెచ్. డాడ్ ఈ రెంటినీ గట్టిగా విడదీసి, తొలి శిష్యులు లోకానికి చాటింది నీతిసూత్రాల పట్టిక కాదని, జరిగిన సంఘటనల వార్త అని వాదించాడు. ఆయన గీసిన గీత మరీ గట్టిదని నేనూ ఒప్పుకుంటాను. మార్కు రచనలో సమాజమందిరాలలో జరిగింది కూడా చాటడమే అని ఉంది, కాబట్టి ఆ రెండు పనులూ ఒకదానిలో ఒకటి కలిసే చోట్లున్నాయి. అయినా మూలంలో ఉన్నది వార్త అన్న ఆయన మాట నిలుస్తుంది. "సువార్త" అన్న మన మాటలోనే వార్త ఉంది కదా. ఆ మాటకు మూలమైన గ్రీకు పదాన్ని, ప్రియెనే నగరంలో దొరికిన క్రీ.పూ. 9 నాటి శాసనం, అగస్టస్ చక్రవర్తి పుట్టినరోజు లోకానికి తెచ్చిన శుభవార్తల గురించి చెబుతూ వాడింది. అంటే అది గుడిలో పుట్టిన మాట కాదు, కూడలిలో వినిపించిన మాట.

వార్త నీతిగా మారిపోవడానికి మన పక్కనే ఒక నిదర్శనం ఉంది. కన్నడంలో "సుద్ది" అంటే వార్త. అక్కడి పత్రికలవాళ్ళు ఈరోజుకీ ఆ మాటే వాడతారు. అదే మాట తెలుగులో "సుద్దులు" అయి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చెప్పే నీతి మాటలుగా స్థిరపడింది. "నాకు సుద్దులు చెప్పొద్దు" అని కుర్రవాడు విసుక్కుంటాడే గాని, ఒకప్పుడు అది ఏదైనా తెలియజేసే మాట అన్న ఊహ అతనికి ఉండదు. మన ఆదివారపు ప్రసంగాలకూ ఇదే జరిగింది. వార్త వినడానికి వచ్చినవాడికి సుద్దులు అందుతున్నాయి.

ఐరోపాలోనూ దారి ఇంచుమించు ఇటువంటిదే. లాటిన్ ప్రెడికారే అంటే అందరి ముందూ బాహాటంగా చెప్పడం. ఇంగ్లీషు ప్రీచ్ దాని సంతానమే, వ్యాకరణంలోని ప్రెడికేట్ కూడా దానిదే. సెర్మన్ అన్న మాటకు మూలమైన లాటిన్ సెర్మో అంటే మాత్రం కేవలం మాటలాడుకోవడం. హోమిలీ అన్న మాటకు మూలమైన గ్రీకు క్రియ, లూకా సువార్తలో ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరు మనుషులు దిగులుగా నడుస్తూ "ఒకరితో నొకరు సంభాషించుచుండిరి" అన్న చోట కనిపిస్తుంది. యూదుల సంప్రదాయంలో ధర్మప్రసంగాన్ని దెరాషా అంటారు, దాని ధాతువుకు వెదకడం అని అర్థం. చాటడం, మాటలాడుకోవడం, వెదకడం అనే మూడు వేరు వేరు పనులు కాలక్రమంలో ఒకే ఎత్తైన పీఠం మీదికి ఎక్కి, ఒక్క మనిషి గొంతులోకి చేరిపోయాయి.

తెలుగులో ఆ పీఠం పేరు ప్రసంగం. ఈ మాట మీద నాకు పాత ఫిర్యాదు ఉంది. సంస్కృతంలో ప్రసంగం అంటే ఉపన్యాసం కాదు. దాని ధాతువుకు అంటుకోవడం, తగులుకోవడం అని అర్థం. అందుకే అక్కడ ప్రసంగమంటే సందర్భం, ఒకదానితో ఒకటి కలిసివచ్చే సంబంధం. "ప్రసంగవశాత్తు" అన్నప్పుడు మనం ఇప్పటికీ ఆ పాత అర్థాన్నే వాడుతున్నాం. సందర్భం అన్న అర్థం నుంచి సందర్భానికి తగిన మాట, దాని నుంచి మాటలాడటం, చివరికి వేదిక మీది ఉపన్యాసం దాకా అది జరుగుతూ వచ్చింది. సందర్భాన్ని మించి మాట్లాడితే "అధికప్రసంగం" అని గదిమే సంస్కారం కూడా భాషలో మిగిలి ఉంది. హెబ్రీలో కోహెలెత్ అంటే సభను కూర్చేవాడు. ఆ పేరుగల పాత నిబంధన గ్రంథానికి మన అనువాదకులు "ప్రసంగి" అని పేరు పెట్టారు. సభను కూర్చడం వెనక్కి పోయి, సభలో మాట్లాడటం ముందుకు వచ్చింది. "కొండమీద ప్రసంగం" అని మనమందరం అంటాం గాని, ఆ చోట తెలుగు బైబిలులో ఉన్నది "బోధింపసాగెను" అనే. ప్రసంగం అన్న పేరు తర్వాతి కాలంవారు పెట్టింది. ప్రసంగమన్న పేరు పెట్టగానే వినేవాళ్ళం ప్రసంగించేవాడి గొంతు, ధార, ఉపమానాలు, చప్పట్లు కొట్టించే నేర్పు చూడటం మొదలుపెడతాం. చాటేవాడిని ఎవరూ అలా చూడరు. ఏం చాటాడో మాత్రమే వింటారు.

బోధ అన్న మాట మీద నాకు ఫిర్యాదు లేదు, ప్రేమ ఉంది. బుధ్ అనే ధాతువుకు మేలుకోవడం అని అర్థం. బుద్ధుడంటే మేలుకున్నవాడు. బోధించడమంటే, వ్యాకరణం ప్రకారం, మరొకరిని మేలుకొలపడం. కార్తీకంలో విష్ణువు నిద్ర లేచే ఏకాదశిని ప్రబోధిని అన్నది అందుకే. నిద్రపోతున్నవాడి మెదడులోకి బయటి నుంచి సమాచారం పోయడం బోధ కాదు, వాడి లోపల ఉన్న తెలివిని వాడే తెరుచుకునేలా తట్టడం బోధ. గీతలో భక్తులు "బోధయంతః పరస్పరమ్" అని ఉంది. ఒకరినొకరు మేలుకొలుపుకుంటారు, అంటే బోధ ఒకవైపు నుంచే పారే నీరు కాదు. బడిలో 30 ఏళ్ళు ఉన్నవాడిగా ఈ మాటకు నా సాక్ష్యం కూడా కలుపుతాను. నేను చెప్పింది పిల్లలు రాసుకున్న రోజులు చాలా ఉన్నాయి గాని, నేను బోధించిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. మరోవైపు అపొస్తలుల కార్యములలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రకు జోగి మూడవ అంతస్తు నుంచి పడిపోతాడు. అక్కడ తెలుగు అనువాదం "ప్రసంగించుచు" అన్నది, బోధించుచు అనలేదు. అనువాదకులు ఏమి తలచి అన్నారో గాని ఆ చోట ఆ మాటే తగింది.

ఉపదేశం ఇంకో రకమైనది. దిశ్ అంటే చూపించడం. దిశ, దిక్కు ఆ కుదురులోవే. ఉప అంటే దగ్గర. దగ్గరగా కూర్చోబెట్టుకుని దారి చూపడం ఉపదేశం, కాబట్టి అది సహజంగానే చెవిలో చెప్పేది. మంత్రోపదేశం ఒక గురువుకూ ఒక శిష్యుడికీ మధ్య జరిగేది. ఇక్కడ రామానుజాచార్యుల కథ గుర్తు చేసుకోకుండా ముందుకు పోలేను. శ్రీవైష్ణవ సంప్రదాయం చెప్పే ప్రకారం, ఆయన శ్రీరంగం నుంచి తిరుకోష్టియూరుకు 18 సార్లు నడిచి, గోష్ఠీపూర్ణుల దగ్గర రహస్యార్థాన్ని పొందారు. దాన్ని ఎవరికీ చెప్పరాదని, చెబితే నరకం తప్పదని గురువు ఆన. రామానుజులు గుడి గోపురమెక్కి కిందనున్న జనానికంతటికీ దాన్ని వినిపించేశారు. ఇందరు తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫరవాలేదన్నది ఆయన సమాధానం. ఉపదేశం చాటింపుగా మారిన క్షణం అది. మత్తయి రచనలో శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ ఒకటుంది: "మీరు చెవిలో వినునది మేడలమీద ప్రకటించుడి." ఆ రెండు కథలకూ మధ్య సముద్రాలున్నాయి, వెయ్యేళ్ళున్నాయి, ఒకదాన్ని చూసి మరొకటి పుట్టిందని నేను అనడం లేదు. కానీ చెవి నుంచి మేడ మీదికి, చెవి నుంచి గోపురం మీదికి మాట ఎక్కిన ఆ మెట్లు రెండు చోట్లా ఒక్కటే.

తెలుగు ఈ రెండు కొసలనూ ఒకే శబ్దంలో దాచుకుంది. "చాటు" నామవాచకమైతే మరుగు, దాపరికం. తలుపు చాటు, చెట్టు చాటు, చాటుమాటు. "చాటు" క్రియ అయితే బయటపెట్టడం, ఎలుగెత్తి చెప్పడం. 1852 నాటి బ్రౌను నిఘంటువు కూడా ఈ రెండు అర్థాలనూ చూపుతుంది. ఇవి ఒకే వేరు నుంచి వచ్చాయని నేను వాదించను. చెవికి ఒకేలా వినిపించడమే నాకు చాలు. చాటుగా విన్నదాన్ని చాటి చెప్పడం అన్న వాక్యం తెలుగువాడి నోట ఇంత సునాయాసంగా పలుకుతున్నప్పుడు, కేరుస్సేయిన్‌కు ఇంతకంటే దగ్గరి మాట మరెక్కడ దొరుకుతుంది? అనువాదకులకు ఈ మాట తెలియనిదీ కాదు. యోనా కథలో నీనెవె ప్రజలు "ఉపవాస దినము చాటించి" గోనెపట్ట కట్టుకుంటారు. పాత నిబంధనలో రాజులు, పట్టణాలు చాటిస్తారు. సువార్త దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంస్కృత పదమైన ప్రకటన పీట వేసుకుని కూర్చుంది. ప్రకటమంటే కంటికి కనబడేది, కాబట్టి కంటి ముందున్న తెర తొలగించే బైబిలు చివరి గ్రంథానికి "ప్రకటన" అన్న పేరు బాగా అతికింది. చెవికి వినబడే చాటింపుకు అది అంతగా అతకలేదని నా అభిప్రాయం. ఇప్పుడైతే ఆ మాట పత్రికా ప్రకటనకూ సబ్బుల ప్రకటనకూ కూడా చెందిపోయింది. ప్రచారం గతి కూడా అంతే. ఊరూరా సంచరించడం అన్న అందమైన అర్థం పోయి, ఎన్నికల మైకు మిగిలింది.

ప్రవచనం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దాన్ని మూడు మతాలవారు మూడు విధాలుగా పంచుకున్నారు. తైత్తిరీయోపనిషత్తులో గురువు చదువు ముగించిన శిష్యుడికి "స్వాధ్యాయ ప్రవచనాభ్యాం న ప్రమదితవ్యమ్" అని చెబుతాడు. తాను చదవడం, ఇతరులకు చదువు చెప్పడం, ఈ రెండూ మానవద్దని. నేడు హిందువుల ఇళ్ళలో ప్రవచనమంటే రామాయణ భాగవతాలను సభలో వివరించడం. క్రైస్తవుల ఇళ్ళలో ప్రవచనమంటే దేవుడు ప్రవక్త నోట పలికించిన మాట. ముస్లిముల తెలుగు పుస్తకాలలో ప్రవచనాలంటే ముహమ్మద్ ప్రవక్త పలుకులు. ఒకే ఊళ్ళో పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకే మాట పలికి మూడు వేరు వేరు సంగతులు తలుచుకుంటున్నారు. కఠోపనిషత్తు మాత్రం అందరికీ వర్తించే హెచ్చరిక చేసింది: "నాయమాత్మా ప్రవచనేన లభ్యః", ఈ ఆత్మ ప్రవచనంతో దొరికేది కాదు.

ఇక నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరం. చాటింపును ఇంతగా ఎత్తి చెబుతున్నావు గాని, అది వెట్టి కాదా, డప్పు మోసినవాడిని ఊరు ఎక్కడ నిలబెట్టింది అని మా బంధువుల్లోనే ఒకరు నన్ను నిలదీశారు. నిజమే. చాలా ఊళ్ళలో చాటే పని మాదిగల మీదో మాలల మీదో కులం పేరుతో మోపినదే. ఊరందరికీ వినిపించే గొంతు కావాలి గాని, ఆ గొంతుగల మనిషి అరుగు ఎక్కకూడదు. మా నాన్న డప్పు ముట్టుకోకపోవడానికి కారణం అదే, ఆ కారణాన్ని నేను తలవంచి గౌరవిస్తాను. కానీ అదే డప్పును 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగల ఉద్యమం తన జెండా చేసుకుంది. తన పేరునే దండోరా అని పెట్టుకుంది. అవమానపు గుర్తుగా ఇచ్చినదాన్ని హక్కుల చాటింపుగా మార్చుకుంది. రాజులు సైతం ఆ శబ్దాన్ని అరువు తెచ్చుకున్నవాళ్ళే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో చెక్కించిన అశోకుడి శాసనాలలో నాలుగవది, యుద్ధభేరీ మోత ఇప్పుడు ధర్మఘోష అయిందని చెబుతుంది.

మా జిల్లాలో సువార్త పాకిన తీరు కూడా నా వైపే సాక్ష్యం చెబుతుంది. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్య తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ళ వ్యాపారి. ఆయన వేదశాస్త్ర కళాశాలలో ప్రసంగ కళ నేర్చుకున్నవాడు కాదు. తోళ్ళ కోసం తిరిగిన ఊళ్ళలోనే, తన వాళ్ళ మధ్యనే, తాను విన్నదాన్ని చెబుతూ తిరిగాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏళ్ళలోని కరవు, కరవు పనులు, కులపు బరువు, ఇవన్నీ దాని వెనుక ఉన్నాయి, వాటిని దాచడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ కబురును మోసినవాళ్ళు తరతరాలుగా ఇతరుల కబుర్లు మోసిన జాతివాళ్ళు. విన్నది విన్నట్టు చెప్పడం, ప్రతి వాడకూ పోవడం, ఎవరి గడపనూ వదలకపోవడం వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఈసారి మాత్రం ఆ కబురు వాళ్ళను గురించే.

నేటి పెద్ద సభలలో నన్ను బాధించేది ఇదే. వేదిక మీద వార్తకన్నా వార్త తెచ్చినవాడి బొమ్మ పెద్దదిగా ఉంటుంది. చెప్పేవాడు తన మాటనే రాజు మాటగా చెప్పుకుంటాడు, ఎవరైనా ప్రశ్నిస్తే రాజును ధిక్కరించారంటాడు. మా తాత అలా అనలేదు, అనలేడు. నేను ఏ ఒక్క మతం వేదిక గురించి ఈ మాట అనడం లేదు.

పుస్తకం దిద్దడం ముగిసింది. ఆరు మాటలనూ వాటి వాటి చోట్ల సర్దాను. గుడి వార్షికోత్సవం రోజున బైబిలులోని రోమా పత్రిక నుంచి పాఠం చదివే పని నాకు అప్పగించారు. "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అన్న వాక్యాన్ని బైబిలులో ఉన్నట్టే చదివాను. తర్వాత పెద్దల అనుమతితో దాన్నే మా ఊరి మాటలో మరోసారి చెప్పాను: "చాటేవోడు లేకుండా వాళ్ళెట్టా వింటారు?" ఆరాధన అయ్యాక, వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ ఒకామె, తొంభై దాటినావిడ, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మీ తాత చాటేవోడు నాయనా," అంది. "మా వాడ చివరి ఇంటిదాకా వచ్చేవోడు."